పది లెక్కపెట్టేదాకా

వదిన బయటికి వచ్చేది ఒంటిగంటకి. ఆమె ఆడపడుచు పన్నెండుకే వచ్చి కూర్చుంది. ఇంట్లో ఇంకో గంట ఉంటే కూడగట్టుకున్న కాస్త ధైర్యం కూడా చల్లారిపోతుందని భయం. లాండ్రీ ముందుగదిలో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలున్నాయి, వాటిలో ఒకదానికి కాలు వంకర, బాగున్న మూడూ ఖాళీగా ఉండగా చూసుకోకుండా ఆ వంకర కాలు కుర్చీలోనే కూలబడింది, ఇప్పుడు లేచి మారితే కౌంటర్లో ఉన్న కళ్ళజోడాయన తలెత్తుతాడు, తలెత్తితే ఏం కావాలమ్మా అంటాడు, అంటే ఏదో ఒకటి చెప్పాలి, ఆ గొడవంతా ఎందుకని ఒక పక్కకి ఒరిగే కూర్చుంది. అద్దం గోడకి అవతల పెద్ద రోలర్ల మధ్యకి హోటళ్ళ దుప్పట్లు తడిగా వెళ్ళి పొగలు కక్కుతూ బయటికొస్తున్నాయి, అటు చివర ఇద్దరు ఆడవాళ్ళు వాటిని అందుకుని, దగ్గరికి నడిచి మూలలు కలిపి, వెనక్కి నడిచి సాగదీసి, మళ్ళీ దగ్గరికి నడిచి మడతపెడుతున్నారు. ఎడమవైపున్నది వదిన. జుట్టుకి నీలం గుడ్డ కట్టుకుంది, మనిషి సగమైంది. అన్నయ్య పోయి ఇరవై మూడు రోజులు. అతను తన మీద అలిగి, చివరి రోజున ఒక్క మాటైనా మాట్లాడకుండానే పోయాడని వదిన నమ్మకం. అతను అలగలేదు. అలగలేదనడానికి సాక్ష్యం ఈమె చేతిసంచిలో రెండు కాగితాల మీద ఉంది. అది వదినకి చెప్పాలి, చెబితే మరి ఎందుకు మాట్లాడలేదో కూడా చెప్పాలి, అక్కడికి వచ్చేసరికి సంచి తెరవబోయిన చెయ్యి వెనక్కి వచ్చేస్తోంది.

మాట్లాడకుండా ఉండటం అన్నయ్యకి పుట్టుకతోనే రాదు. ఇరవై రెండేళ్ళు సిటీ బస్సు నడిపాడు, డ్రైవర్‌తో మాట్లాడరాదు అని తల పైన బోర్డు ఉంటే, జనం నాతో మాట్లాడకూడదన్నారు గానీ నన్ను జనంతో మాట్లాడొద్దనలేదుగా అనేవాడు. సిగ్నల్ దగ్గర ఆగితే పక్క లారీవాడి పిల్లల చదువుల దగ్గర్నుంచి అత్తగారి మోకాళ్ళ దాకా కనుక్కునేవాడు. చెల్లెలికి తొందరమ్మ అని పేరు పెట్టింది కూడా అతనే, ఎనిమిదో ఏట అతని రేడియో విప్పి మళ్ళీ బిగించి, నాలుగు మరలు మిగిలిపోతే వాటిని కిటికీలోంచి పారేసి, పాడుతోందిగా అన్నయ్యా అన్నందుకు. పాడింది మరి. మూడు వారాలు పాడాక ఒకరోజు వెనక మూత ఊడి కింద పడింది. ఆ కథ ఎవరింటికెళ్ళినా చెప్పేవాడు, ఆమె పెళ్ళిచూపుల్లో చెప్పాడు, ఆమె విడాకులు తీసుకుని ఇంటికొచ్చిన రోజున కూడా చెప్పి నవ్వించాడు, చూశావా, ఈసారీ మరలు మిగిలిపోయాయి అని. అలాంటి మనిషికి ముందు ఎడమచెయ్యి బరువెక్కింది, గేరు మార్చడానికి రెండు చేతులూ పెట్టాల్సి వచ్చింది, తర్వాత కాళ్ళు, ఆ తర్వాత నాలుక. నరాల జబ్బు, మందు లేదు, అని డాక్టరు బల్ల మీద కాగితాల వైపు చూస్తూ చెప్పాడు. ఏడాదిన్నర తిరిగేసరికి మనిషి తనంతట తను కదపగలిగినవి రెండే మిగిలాయి, కళ్ళూ, కుడిచేతి బొటనవేలూ.

ఆ బొటనవేలికి బటన్ చేసింది ఆమే. ఆమె పనే అది, దుకాణాల్లో కాటాలూ బిల్లు ప్రింటర్లూ స్కానర్లూ కంప్యూటర్‌తో మాట్లాడేలా చేయడం. పాత కంప్యూటర్ ఒకటి తెచ్చి మంచం పక్కన పెట్టింది, తెర మీద అక్షరాలు వరుసలు వరుసలుగా వెలుగుతూ పోతాయి, కావలసిన వరుస వెలిగినప్పుడు ఒకసారి నొక్కాలి, కావలసిన అక్షరం వెలిగినప్పుడు ఇంకోసారి, మాట పూర్తయితే పెట్టె పైకి చదువుతుంది. మొదటిరోజు నలభై నిమిషాలు కష్టపడి అతను రాసిన వాక్యం, ఈ గొంతు ఎవరిదే, టిక్కెట్ లేని ప్రయాణికుడిలా ఉంది. వదిన పగలబడి నవ్వి, నవ్వుతూ నవ్వుతూ వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. అప్పట్నుంచీ ఆ ఇంట్లో మళ్ళీ మాటలు, మళ్ళీ వేళాకోళాలు, మళ్ళీ అలకలు కూడా. అలగడానికి కూడా ఒక పద్ధతి కనిపెట్టాడు మహానుభావుడు. బటన్ మీద బొటనవేలు పెట్టుకుని నొక్కడు. అక్షరాలు గిర్రున తిరుగుతూనే ఉంటాయి, అ నుంచి ఱ దాకా, మళ్ళీ అ నుంచి, అతను తెర వైపే చూస్తూ ఉంటాడు, వదిన ఎదురుగా నిలబడి మాట్లాడండి, ఒక్క మాట మాట్లాడండి అని బతిమాలేదాకా. తెర తిప్పుతున్నారు మీ అన్నయ్యగారు, అని వదిన ఫోన్ చేసి చెప్పేది. తెర తిప్పడం అంటే ఆ ఇంట్లో అలక. ఇంకే ఇంట్లోనూ ఎవరికీ అర్థం కాని మాట.

రోలర్ దగ్గర ఏదో దుప్పటి చిక్కుకుంది, మిషన్ ఆపారు, గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. వదిన వంగి రెండు చేతులూ లోపలికి పెట్టి లాగుతోంది. వేళ్ళు కాలవా, వాటికి చురుకు తెలియడం మానేసి చాలా ఏళ్ళయిందేమో. మిషన్ మళ్ళీ మొదలైంది. కళ్ళజోడాయన మూటలకి నెంబర్ల చీటీలు గుచ్చుతున్నాడు, చీటీ చూస్తాడు, గోడకున్న పట్టిక చూస్తాడు, మూటని ఫలానా అరలోకి విసురుతాడు. నెంబరు చూసి తన మనిషిని వెతకడం. అన్నయ్యకి ఒకసారి ఇదే చెప్పింది, ఏ పరికరమైనా తగిలించగానే ముందు తన నెంబరు చెప్పుకుంటుంది అన్నయ్యా, నేను ఫలానావాళ్ళ తయారీని, ఫలానా రకాన్ని అని, పెట్టె దగ్గర ఒక పెద్ద పట్టిక ఉంటుంది, ఏ నెంబరుకి ఏ డ్రైవర్ అని, అది చూసుకుని ఆ డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాంని తనే లేపి తెచ్చి పరికరం పక్కన కూర్చోబెడుతుంది, ఎవరూ అడగక్కర్లేదు, ఎవరికీ తెలియను కూడా తెలియదు. అక్షరాలు తిరిగాయి. నాలుగు నిమిషాల తర్వాత పెట్టె అడిగింది, వీళ్ళకి యూనియన్ ఉందా? ఇంకో ఆరు నిమిషాల తర్వాత, అయితే మా డ్యూటీ గుమాస్తానే అది, బండి గేటు దగ్గర హారన్ కొడితే బోర్డు చూసి, నిద్రపోతున్నవాణ్ణి పేరు పెట్టి లేపుతాడు. ఆ తర్వాత ఇంకోటి అడిగాడు, మరి సస్పెన్షన్లో ఉన్నవాడి సంగతి? ఆమె గొప్పగా చెప్పింది, ఆ మాత్రం తెలియకుండానే ఈ ఉద్యోగం చేస్తున్నానా అన్నట్టు. వాళ్ళకి వేరే జాబితా ఉంటుంది అన్నయ్యా, బ్లాక్‌లిస్ట్, అందులో పేరుంటే హారన్ ఎన్నిసార్లు కొట్టినా వాణ్ణి లేపరు, వాడు పక్క గదిలోనే ఉన్నా సరే. మనం వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొస్తే తప్ప రాడు. పాపం, అన్నాడు అన్నయ్య, రెండే అక్షరాలు గనక తొందరగానే.

ఆ జాబితాలో ఆ బటన్ డ్రైవర్ పేరు రాసింది ఆమె. ఎందుకు రాసిందంటే కారణం ఉంది, ఎవరైనా ఒప్పుకునే కారణం. అన్నయ్య వేలు వణకడం మొదలైంది, ఒకసారి నొక్కితే మూడుసార్లు నొక్కినట్టు పడేది, నీళ్ళు అనబోతే నీనీనీ అనేది పెట్టె. ఆ వణుకుని పట్టించుకోవద్దని డ్రైవర్‌కి లేచేటప్పుడే చెప్పాలి, తనంతట తను లేచి వచ్చాడా పాత అలవాటుతోనే వస్తాడు. అందుకని ముందు తనంతట తను రాకుండా పేరు జాబితాలో పెట్టింది, తర్వాత తనే చేత్తో పిలిచి, కొత్త అలవాటు చెప్పి, తెచ్చి కూర్చోబెట్టింది. చూసింది. నీళ్ళు అంటే నీళ్ళే పడింది. ఇంక మిగిలింది రెండు వాక్యాల పని, ఆ కొత్త అలవాటుని శాశ్వతంగా ఉండేలా ఒక చోట రాయడం, జాబితాలోంచి పేరు కొట్టేయడం. రెండు నిమిషాలు పట్టదు. అప్పుడే ఫోన్ మోగింది, ఎక్కడో కూరగాయల దుకాణంలో కాటా పనిచేయడం లేదట, జనం నిలబడి ఉన్నారట. అన్నయ్య అక్షరాలు ఏరుకుంటున్నాడు, కూర్చో అనేదాకా వచ్చాడు, కూర్చునే టైం లేదు అన్నయ్యా, ఆదివారం వస్తాగా అని చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. చేత్తో పిలిచినవాడు పెట్టె ఆరేదాకానే ఉంటాడు. ఆరి మళ్ళీ వెలిగితే ఎవరూ పిలవరు. ఆమెకి తెలుసు, ఆమెకి తప్ప ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆదివారం వెళ్ళింది, తర్వాత ఆదివారం కూడా వెళ్ళింది, పెట్టె చక్కగా పనిచేస్తోంది, పనిచేస్తున్నదాన్ని కెలకొద్దు అని వాళ్ళ ఆఫీసులో మొదటిరోజే నేర్పే పాఠం. కెలకలేదు. నలభై ఏడు రోజులు ఆ పెట్టెని ఎవరూ ఆపలేదు, అదీ చక్కగా పనిచేసింది. కాటాలకీ ప్రింటర్లకీ ఏ తప్పు చేసినా మర్నాడు దుకాణంవాడు నాలుగు తిట్లు తిడతాడు, అంతటితో పోతుంది. అన్నయ్య దగ్గర చేసిన తప్పుకి తిట్టడానికి అన్నయ్యకి నోరు లేదు, ఉన్న ఒక్క నోరూ ఆ తప్పే మూసేసింది.

మీకేమైనా బట్టలు తీసుకోవాలామ్మా, అననే అన్నాడు కళ్ళజోడాయన. లేదండీ, మా వదిన కోసం, అని అద్దం వైపు చూపించింది. ఓ, ఆవిడా, అన్నాడు, అని గొంతు తగ్గించి, సెలవు తీసుకోమన్నా తీసుకోలేదమ్మా, మూడోరోజే వచ్చేసింది, ఇంట్లో ఆ నిశ్శబ్దం భరించలేనంది, ఇక్కడ చెవులు చిల్లులు పడుతున్నా ఇదే నయమంది. ఆమె తల ఊపింది.

వదిన ఆ సాయంత్రం సంగతి ఎన్నిసార్లు చెప్పిందో. ఆస్పత్రి వరండాలో చెప్పింది, ఇంటికొచ్చాక చెప్పింది, వచ్చినవాళ్ళందరికీ చెప్పింది, కోర్టులో నేరం ఒప్పుకున్నట్టు. రెండు రోజులుగా దగ్గుతున్నాడు అన్నయ్య. డ్యూటీ దిగి ఇంటికొచ్చిన వదిన ఆస్పత్రికి వెళ్దాం అంది. అతను అక్షరాలు ఏరడం మొదలుపెట్టాడు, రే, పు, అని పడగానే వదిన అందుకుంది, రేపు వెళ్దామంటారు, అంతేగా, రేపు రేపంటూనే వారం గడిపేస్తారు. వదినకి అది అలవాటు, అతని మాట సగంలో ఉండగానే తను పూర్తి చేయడం, మాటకి పది నిమిషాలు పట్టే ఇంట్లో ఎవరికైనా వస్తుంది ఆ అలవాటు. తెర మీద కాదు అనే పెద్ద గడి ఒకటి ఉంది, ఒక్క నొక్కుతో పలుకుతుంది. అతను నొక్కాడు. కాదు, అంది పెట్టె. కాదా, అయితే ఎల్లుండా? కాదు. అసలు వద్దంటారా? కాదు. కాదు. కాదు. తొమ్మిదిసార్లు అందమ్మా ఆ పెట్టె, పది గంటలు నిలబడి వచ్చాను నేను, కాళ్ళు తెగిపోతున్నాయి, ఏం చెప్పినా కాదేనా అని ఒళ్ళు మండిపోయింది, సరే మీరే గెలిచారు, ఇంక మాట్లాడకండి అని గోడలోంచి తీగ పీకేశాను. పీకేశాక అతని మొహం వైపు చూడలేదట. అన్నం పెట్టింది, ఒళ్ళు తుడిచింది, పక్కకి తిప్పి పడుకోబెట్టింది, ఏదీ మానలేదు, చూడటం ఒక్కటే మానేసింది.

పొద్దున లేచేసరికి కోపం పోయింది, వదిన కోపం ఏనాడూ రాత్రి దాటి నిలవలేదు. ఎనిమిది దాటాక తనే తీగ పెట్టింది, పెట్టె వెలిగింది, బటన్ తీసి తనే అతని బొటనవేలు కింద సర్దింది. అక్షరాలు మొదలయ్యాయి. తప్పే నాది, ఒక్క మాట మాట్లాడండి, అంది. అక్షరాలు తిరిగాయి. అతను తెర వైపే చూస్తున్నాడు. వరుసలు పోతున్నాయి, ఆగడం లేదు, మళ్ళీ మొదటికొచ్చాయి, మళ్ళీ పోయాయి. వదినకి ఆ తిరగడం కొత్త కాదు. జడేసుకుంది, నీళ్ళు పట్టింది, భోజనం డబ్బా సర్దుకుంది, మధ్యమధ్యలో వచ్చి నిలబడింది. ఔను కాదు అయితే కళ్ళు మూసి చెప్పగలడు, కానీ ఔను కాదు అనే ప్రశ్న ఆమె అడగలేదు, ఒక్క మాట అడిగింది. సరే, సాయంత్రం చూద్దాం మీ అలకో నా ఓపికో, అని ఎనిమిదీ నలభైకి బయల్దేరింది. పక్కింటి పిన్నిగారు వచ్చి టీవీ పెట్టుకుని కూర్చున్నారు, రోజూ కూర్చునేది ఆవిడే, కళ్ళతో చెప్పే ఆ భాష ఆవిడకి రాదు. పన్నెండున్నరకి ఫోన్ చేశారు, అబ్బాయి ఊపిరి అదోలా ఉందమ్మా అని. ఆస్పత్రికి చేరేసరికి కళ్ళు తెరవడం మానేశాడు. సాయంత్రానికి అయిపోయింది. కాస్త ముందు తెచ్చి ఉంటే, అని డాక్టర్ని అడిగితే, అది చెప్పలేమండీ అన్నాడు. సాగనంపిన రోజున పిన్నిగారు ఈమె చెయ్యి పట్టుకుని, చివరిదాకా ఆ వేలి దగ్గర చిన్న దీపం ఆరుతూ వెలుగుతూనే ఉందమ్మా, దేవుడే తోడున్నాడనుకున్నా, అన్నారు. పెద్దావిడ చాదస్తం అనుకుంది. ఎంత తెలివి ఉండీ ఏం లాభం, దీపం ఎందుకు ఆరుతుందో ఎందుకు వెలుగుతుందో ఈ లోకంలో తెలిసిన మనిషి తనొక్కతే, తనే చాదస్తం అనుకుంది.

ఆ పెట్టె తీసుకుపో, ఆ అక్షరాలు తిరగడం చూడలేను అని వదిన అంటే తీసుకొచ్చి తన గదిలో మూల పెట్టింది. నిన్న దాన్ని తెరవాల్సి వచ్చింది, అదే జబ్బు ఉన్న ఇంకొకాయన భార్య అడిగింది, ఇస్తానంది, ఇచ్చేముందు అన్నయ్య మాటలు వేరే చోట దాచుకుందామని వెలిగించింది. బటన్ తగిలించింది. అక్షరాలు తిరిగాయి. నొక్కింది. ఆగలేదు. మళ్ళీ నొక్కింది. తీగ వదులైందేమో అని ఊపింది, తీసి పెట్టింది, ఇదంతా అలవాటు కొద్దీ, పదేళ్ళుగా చేతులకి వచ్చిన పని, మనసు ఇంకా ఏమీ అనుకోవడం లేదు. పెట్టె తనకి జరిగిందల్లా గంట, నిమిషం, సెకనుతో రాసుకునే లాగ్ ఒకటి ఉంటుంది, అది తెరిచింది. పరికరం వచ్చింది, నెంబరు ఇది, అని ఉంది. దాని కింద ఉండాల్సిన వాక్యం, డ్రైవర్ వచ్చి కూర్చున్నాడు అనే వాక్యం, లేదు. జాబితా తెరిచింది. తను రాసిన పేరు తను రాసినట్టే ఉంది. కాళ్ళ కింద నేల కదిలింది అంటారే, కదలలేదు, అదే బాధ, అంతా ఎక్కడిదక్కడే ఉంది, టీ కప్పు కప్పులాగే, కిటికీ కిటికీలాగే. అప్పుడు లాగ్‌లో వెనక్కి జరిగింది, అన్నయ్య పోయిన రోజు దాకా. ఎనిమిదీ పన్నెండుకి పెట్టె వెలిగింది, బటన్ వచ్చింది. ఎనిమిదీ ఇరవై ఒకటికి బటన్ వెళ్ళిపోయింది. రెండు సెకన్లకి వచ్చింది. ఎనిమిదీ ఇరవై నాలుగుకి వెళ్ళిపోయింది. రెండు సెకన్లకి వచ్చింది.

రెండు సెకన్లు. తీగ వదులైతే రెండు సెకన్లని లెక్క ఉండదు. ఆ లెక్క పెట్టింది ఆమే. బటన్ చేసిన కొత్తలో ఎప్పుడైనా మొరాయిస్తుందేమోనని ఒక ఏర్పాటు చేసింది, నొక్కి పది లెక్కపెట్టేదాకా పట్టుకుంటే అది, మీదున్న చిన్న దీపంతో సహా, తనంతట తను ఆరి, రెండు సెకన్లాగి, కొత్తగా తగిలించినట్టు మళ్ళీ తన నెంబరు చెప్పుకుంటుంది. ఎప్పుడైనా మాట రాకపోతే పదిదాకా పట్టుకో అన్నయ్యా, అంది. పదిదాకా లెక్కపెట్టేది కోపం తగ్గడానికి కదే, అన్నాడు. ఆ వేలికి ఒక్క నొక్కే బరువు, పదిదాకా పట్టుకోవాలంటే ఆ చెయ్యంతా, ఆ మెడంతా, ఉన్న ప్రాణమంతా అక్కడికే రావాలి. అరవై మూడుసార్లు పట్టుకున్నాడు. ఆమె వేలు పెట్టి లెక్కపెట్టింది, మళ్ళీ లెక్కపెట్టింది, అరవై రెండయితే బాగుండునన్నట్టు. వదిన ఇంట్లో ఉండగానే ఏడుసార్లు, ఆవిడ జడేసుకుంటూ ఉండగా, నీళ్ళు పడుతూ ఉండగా. ఆవిడ వెళ్ళాక ఒకటి రెండు నిమిషాలకొకటి. తర్వాత దూరం జరిగాయి, పది నిమిషాలకి, పదిహేనుకి. చివర్లో మూడు వెంటవెంటనే, పదకొండూ నలభై ఆరు, నలభై ఏడు, నలభై ఎనిమిది. ప్రతిసారీ ఆ చిన్న బటన్ నేను ఫలానా, నేను వచ్చాను అని చెప్పుకుంది, ప్రతిసారీ పెట్టె పట్టిక చూసింది, జాబితా చూసింది, ఊరుకుంది. డ్రైవర్ డిస్కులోనే ఉన్నాడు, పిలిస్తే చాలు. దాని తప్పేం లేదు, చెప్పినట్టు చేసింది.

ఏం చెప్పాలనుకున్నాడు? నిన్నటి నుంచీ ఇదే. నీ మీద కోపం లేదే అనా, నీళ్ళు కావాలనా, టీవీ గోల తగ్గించమనా. ఊపిరాడటం లేదు, తీసుకెళ్ళండి అనా. చివరి మూడూ అదేనా. ఇది వదినకి చెప్పడం అంటే ఒక ముల్లు తీసి ఇంకో ముల్లు గుచ్చడం. ఇప్పుడు వదిన బాధ ఒక రకం, మొగుడు అలిగి పోయాడు, మొండిమనిషి, అని తిట్టుకుంటూ ఏడుస్తోంది, తిట్టుకోవడానికి ఎదురుగా ఒక మనిషి ఉన్నాడు కనీసం. చెప్పాక ఆ మనిషి ఉండడు, పిలిచి పిలిచి అలసిపోయినవాడు ఉంటాడు. నేను తీగ పీకకపోతే అని వదిన అనుకుంటుంది, అనుకోకుండా ఎలా ఉంటుంది. మరి చెప్పకపోతే? పెట్టె పాడైంది వదినా, పాతది కదా, అంటే సరిపోతుంది, అలక కాదని తెలుస్తుంది, అరవై మూడూ తెలియవు, తన పేరూ రాదు. బస్సులో ఆ వాక్యం ఎన్నిసార్లు అనుకుందో, పెదాలు కదిలితే పక్కనున్నాయన ఏంటన్నట్టు చూశాడు. ఎంత నున్నటి వాక్యం. అసలు చెప్పాలనుకోవడం వదిన కోసమా, తన గుండెల మీద బరువు దించుకోవడానికా. బరువు దించుకోవడానికే అయితే ఏ గోడకో చెప్పుకోవచ్చు, కాళ్ళు తెగేలా నిలబడే మనిషి నెత్తిన పెట్టడం దేనికి. కానీ ఆ అరవై మూడూ తనవి కావు. అవి అన్నయ్య వదినకి పంపినవి. మధ్యలో తన దగ్గర ఆగిపోయాయి, ఒకసారి ఆపింది చాలదా, ఇంకోసారి ఆపుతుందా. అన్నయ్యా, ఆ రోజు కూర్చోమన్నావు. కూర్చుని ఉంటే. రెండు నిమిషాలు కూర్చుని ఉంటే.

గంట మోగింది. రోలర్లు ఆగాయి. వదిన తలగుడ్డ విప్పుకుంటూ, దానితోనే మెడ తుడుచుకుంటూ వచ్చింది.

“ఏంటే తొందరమ్మా, పనెగ్గొట్టి వచ్చావా? తిన్నావా?” అని సమాధానం కోసం చూడకుండానే పక్క కుర్చీలో కూర్చుని డబ్బా మూత తీసి, మూతలోకి సగం పెట్టి ఇచ్చింది. “తిను. మొహం చూడు ఎలా ఉందో.”

“వదినా, అన్నయ్య ఆ రోజు అలగలేదు.”

వదిన చెయ్యి డబ్బాలోనే ఆగింది.

“బటన్ పనిచేయలేదు. నా వల్ల. పెట్టె ఆరి వెలిగితే బటన్‌ని దానంతట అది గుర్తుపట్టకుండా నేనే చేశాను, వేరే పని కోసం. మళ్ళీ సరిచేయాలి, మర్చిపోయాను. నువ్వు పొద్దున తీగ పెట్టేసరికి పెట్టె దాన్ని గుర్తుపట్టలేదు. అన్నయ్య నొక్కుతూనే ఉన్నాడు వదినా. పదిదాకా పట్టుకుని. అరవై మూడుసార్లు.” ఒక్క ఊపిరిలో చెప్పేసింది. ఎంతో సర్దుకుని వచ్చిన మాటలు, అన్నీ కలిసి మూట జారినట్టు పడ్డాయి.

కళ్ళజోడాయన చీటీలు పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

“నేనుండగానే నొక్కారా?”

“ఏడుసార్లు.”

“నేను తీగ పీకకపోతే?”

“పీకకపోతే పనిచేసేదే. కానీ ఒకరోజు కరెంటు పోయినా ఇంతే అయ్యేది. రాసింది నేను వదినా, నువ్వు కాదు.”

“నిన్ను కొట్టాలని ఉంది,” అంది వదిన, మామూలుగా, మంచినీళ్ళు అడిగినట్టు.

“కొట్టు.”

కొట్టలేదు. డబ్బా మూత పెట్టేసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంది, మళ్ళీ మళ్ళీ కాలి గట్టిపడ్డ వేళ్ళు. కుడిచేతి బొటనవేలిని ఎడమచేత్తో పట్టుకుని అలాగే నొక్కి ఉంచింది, పెదాలు కదిలాయి, ఎంతదాకా లెక్కపెట్టిందో తెలియదు. తర్వాత ఏడిచింది. శబ్దం లేకుండా, భుజాలు కూడా కదలకుండా, కళ్ళలోంచి నీళ్ళు అవే వచ్చి పడ్డాయి. ఆమె చెయ్యి వేయబోయింది, వదిన భుజం తప్పించింది. లోపల్నుంచి రోలర్లు వేడెక్కుతున్న చప్పుడు వచ్చింది.

“ఎలా తెలిసింది అరవై మూడని?”

“పెట్టె రాసుకుంది. కాగితాల మీద అచ్చు తీశాను.”

“తీయి. చదువు.”

“చదవడానికి ఏం లేదు వదినా. అన్నీ టైములే.”

“అవే చదువు.”

సంచిలోంచి తీసింది. మడత విప్పి రెండు చేతులతో పట్టుకుంది.

“ఎనిమిదీ ఇరవై ఒకటి.”

“ఊఁ,” అంది వదిన.

“ఎనిమిదీ ఇరవై నాలుగు.”

“ఊఁ.”

“ఎనిమిదీ ఇరవై ఆరు.”

“ఊఁ.”

అద్దం అవతల మడతల్లో వదినకి జోడీగా ఉండే ఆవిడ వచ్చి నిలబడింది, రమ్మన్నట్టు చెయ్యి ఊపింది. వదిన అటు చూడలేదు. దుప్పట్లు రావడం మొదలైతే ఆవిడ ఒక్కతే పట్టుకుని, మడత కుదరక, కుప్పగా పక్కన పెడుతోంది. తొమ్మిదీ రెండు. ఊఁ. తొమ్మిదీ నాలుగు. ఊఁ. మొదటి కాగితం అయిపోయింది. పదీ ఐదు. ఊఁ. ఆ తర్వాత ఆమె ఆగింది. “ఇక్కడ పాతిక నిమిషాలు ఏమీ లేదు వదినా.”

“కునుకు పట్టి ఉంటుంది. చదువు.”

పదీ ముప్ఫై. ఊఁ. పదీ నలభై ఒకటి. ఊఁ. వదిన ఇప్పుడు కాగితం వైపు చూడటం లేదు, ఎదురుగా ఖాళీ గోడ వైపు చూస్తోంది, మంచం పక్కన నిలబడి చూసే చూపుతో, తల కొంచెం పక్కకి వంచి, తొందర లేకుండా, ఒక్కదానికీ అడ్డుపడకుండా. ఆమె వేలు ఒక్కో గీత కిందికి జరుపుతూ చదివింది. పదకొండూ నలభై ఆరు. ఊఁ. పదకొండూ నలభై ఏడు. ఊఁ.

“పదకొండూ నలభై ఎనిమిది.”

“ఊఁ, చెప్పండి,” అంది వదిన.

కాగితం మీద ఇంకేమీ లేదు.